ఊపిరి తెలిసిన పొట్లం

మదనపల్లె టమాటా యార్డుకు తెల్లవారుజామున వెళితే ముందు కంటపడేది టమాటా కాదు, క్రేటు. నీలం, ఆకుపచ్చ, ఎరుపు. మండీల ముందు మనిషి ఎత్తు దాటి గోడలు కట్టినట్టు పేర్చి ఉంటాయి. వేలంపాట ఇంకా మొదలవదు. లైట్ల వెలుతురులో ఆ గోడల మధ్య సందుల్లో నడుస్తుంటే కోటలో తిరుగుతున్నట్టుంటుంది. కోట గోడకున్న ప్రతి కంతలోంచీ ఒక ఎర్రటి బుగ్గ తొంగిచూస్తుంటుంది.

టమాటా ధర మీద ఏడాది పొడుగునా వార్తలే. 2023 జులైలో కిలో 150 దాటినప్పుడు ఈ యార్డు పేరు దేశమంతా మోగింది. క్రేటు గురించి మాత్రం ఎవరూ ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదు. ఆ బాకీ నేను తీరుస్తాను.

ఒక ఖాళీ క్రేటును పట్టుకుని చూడండి. లోపలి గోడలు నున్నగా ఉంటాయి, గోరు పెట్టి వెతికినా మొన తగలదు. నాలుగు పక్కలా గాలి ఆడటానికి సందులు. చెయ్యి దూర్చి ఎత్తడానికి రెండు వైపులా పిడులు. అసలు విద్య అడుగున ఉంది. అడుగు అంచు, కిందున్న క్రేటు నోటి అంచు మీద చక్కగా కూర్చుంటుంది. పది క్రేట్లు ఒకదాని మీద ఒకటి పెట్టినా అట్టడుగు క్రేటులోని టమాటాకు తన నెత్తిన తొమ్మిది ఉన్నాయన్న సంగతే తెలియదు. బరువంతా గోడల వెంట దిగి నేలలోకి పోతుంది. పెద్ద కొడుకు భారమంతా మోస్తుంటే చిన్నవాళ్లు ఆడుకున్నట్టు, కాయలు తమ మానాన తాము ఉంటాయి.

గంపల రోజుల్లో ఇలా కాదు. గంపలో అడుగున పడ్డ టమాటాదే భారమంతా. పైవాటి బరువు మోయాలి, లారీ గతుకులో పడితే ఆ కుదుపూ తనే మోయాలి, వెదురు బద్ద గీరుకుంటే ఆ గాయమూ తనదే. తొక్క ఒక్క చోట చిట్లితే రసం కారి పక్క కాయ తడుస్తుంది. తడి చోట బూజు కాపురం పెడుతుంది. సాయంత్రం ఎక్కించిన సరుకు మర్నాడు చెన్నైలో దించేసరికి అడుగు వరస చారు కాచుకోవడానికి సిద్ధంగా ఉండేది. పోపు ఒక్కటే తక్కువ.

లుధియానాలో కోతల తర్వాతి నష్టాల మీద పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ సిఫెట్ 2015లో దేశమంతటి లెక్క తీసింది. టమాటాలో నష్టం 12.44 శాతం, మామిడిలో 9.16, జామలో 15.88. ఎనిమిది టమాటాల్లో ఒకటి ఎవరి నోటికీ అందకుండా పోతోందన్నమాట. ఆ ఒక్కదానికీ నీళ్లు పెట్టారు, మందు కొట్టారు, కర్రకు తీగ కట్టారు, నడుం వంచి కోశారు. ఆ చాకిరీలో ఒక్క చుక్క కూడా లెక్కలో కనపడదు.

మనం పొట్లం అంటాం, కవర్ అంటాం, డబ్బా అంటాం, ప్యాకింగ్ అంటాం. విప్పి పారేసేదే కదా అని దానికేసి చూడం. చూస్తే ఆశ్చర్యం మొదలవుతుంది. తెంపిన కాయ చచ్చిపోయిందనుకుంటాం, లేదు. ఊపిరి తీస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ పీల్చి, తనలో దాచుకున్న చక్కెరను కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ కార్బన్ డయాక్సైడునూ, ఆవిరినీ, వేడినీ బయటికి వదులుతుంది. వేరు లేదు, ఆకు లేదు, ఇక రాబడి లేదు. పింఛను కూడా లేని ముసలాయనలా ఉన్న నిల్వ మీదే రోజులు గడపాలి. ఊపిరి ఎంత నిదానంగా ఆడితే నిల్వ అన్నాళ్లు వస్తుంది. అలాగని పూర్తిగా ఆపేస్తే ఊపిరాడక లోపల పులిసి కుళ్లిపోతుంది. మంచి పొట్లానికి తెలియాల్సింది ఈ ఊపిరి సంగతే. ఎవరికి ఎంత గాలి కావాలి, ఎవరికి అసలు వద్దు.

మాది నూజివీడు పక్క పల్లె. మామిడికాయలు కోసేటప్పుడు మా తాతయ్య చెట్టు కింద నిలబడి అరిచేవాడు, ముచిక ఊడకూడదని. గడకు కట్టిన చిక్కంలో కాయ పడాలి, నేల మీద పడకూడదు. ముచిక ఊడితే సొన కారి తొక్క మీద పాకుతుంది, పాకినంత మేరా నల్లగా కాలుతుంది. మర్నాటికి ఆ మచ్చ దగ్గరే కుళ్లు మొదలు. తర్వాత చీకటి గదిలో వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, మళ్లీ గడ్డి కప్పేవాళ్లు. అది పరుపు అనుకునేవాణ్ణి. చదువుకున్నాక తెలిసింది, అది తపాలా కచేరీ. మాగుతున్న కాయ ఇథిలీన్ అనే వాయువును వదులుతుంది. ఒక కాయ వదిలిన వాయువు పక్క కాయకు కబురు, నేను పండుతున్నాను, నువ్వూ బయల్దేరు అని. గడ్డి ఆ కబురును పోనివ్వకుండా చుట్టూ నిలుపుతుంది, వేడిని పట్టి ఉంచుతుంది, పట్టిన చెమటను మాత్రం తాను పీల్చేసుకుంటుంది. మూడు పనులు, ఒక్క గడ్డి. దాని ఖరీదు అప్పుడూ ఇప్పుడూ పశువుల మేతంత.

ఇప్పుడు తోటలకు వెళితే చెట్టుకే పొట్లాలు కనిపిస్తాయి. కాయ కోడిగుడ్డంత అయ్యాక ఒక్కోదానికీ కాగితపు కవరు తొడిగి మూతి బిగిస్తున్నారు. పైన గోధుమరంగు, లోపల నలుపు. పండు ఈగ వచ్చి కవరు మీద వాలుతుంది, తొక్క దొరక్క గుడ్లు పెట్టకుండా ఎగిరిపోతుంది. లోపల బంగినపల్లి ఎండకు కమలకుండా, మచ్చ పడకుండా, పెళ్లికూతురు పసుపు పూసుకున్నట్టు ఒకే రంగులో తేలుతుంది. కోతకు ముందే ప్యాకింగ్! వేల కాయలకు ఒక్కొక్కటిగా తొడగడమంటే మాటలా? నిచ్చెన మీద నిలబడి ఆ పని చేసే కూలీల చేతులు చూస్తే పసిపిల్లలకు టోపీలు పెడుతున్నట్టే ఉంటుంది.

డల్లాస్‌లో ఉండే మా చెల్లెలు ఒకసారి ఫోన్‌లో విసుక్కుంది. "ఇక్కడ కీరా దోసకాయకు కూడా ఒంటికి అతుక్కునే ప్లాస్టిక్ చొక్కా వేస్తారన్నయ్యా, సిగ్గులేకుండా" అని. నేనూ ముందు నవ్వాను. కానీ కీరాలో వందకు 95 పాళ్లు నీళ్లే. ఊపిరితో పాటు ఆ నీళ్లు పోతుంటాయి, కాయ వడిలి మెత్తబడుతుంది. వందల మైళ్లు ప్రయాణం చేసే కాయకు ఆ పల్చటి పొర నీళ్లు పోకుండా కాసే కాపలా. మా పెరట్లో కోసి మధ్యాహ్నానికి కోసంబరి చేసుకునే కాయకు అదే చొక్కా వేస్తే పిచ్చి అంటారు. దూరాన్ని బట్టి దుస్తులు. కొత్తిమీర కవర్లకు చిన్న చిన్న కంతలుంటాయి, చూశారా? తయారీ లోపం కాదవి, ముక్కు రంధ్రాలు. అవి లేకపోతే ఆకు తన చెమటలో తానే నానిపోతుంది.

అన్నిటికన్నా నాకు ముచ్చటేసింది ద్రాక్ష పెట్టె. నాసిక్ నుంచి ఓడెక్కి ఐరోపా వెళ్లే పెట్టెలో గుత్తుల మీద ఒక పల్చటి కాగితం పరుస్తారు. అందులో సోడియం మెటాబైసల్ఫైట్ ఇమిడి ఉంటుంది. పొడిగా ఉన్నంతసేపూ అది నిద్రపోతుంటుంది. ద్రాక్ష వదిలిన చెమ్మ తగలగానే కొద్దికొద్దిగా గంధకపు వాయువును వదిలి బూజును లేవనివ్వదు. రోగం రావడానికి కారణమయ్యే చెమటే మందును కూడా లేపుతుంది. ఎవరికి తట్టిందో గానీ ఆ ఆలోచనకు చేతులెత్తి దండం పెట్టాలి.

ఇక ఊపిరే వద్దనే సరుకు కథ వేరు. మన ఇళ్లలో దానికి పెద్ద, జాడీ. కింద తేనెరంగు, పైన మీగడ తెలుపు, భుజాల దగ్గర గుండ్రంగా, అటకమీద బొజ్జ గణపతిలా కూర్చుంటుంది. ఉప్పుకూ పులుపుకూ ఇనుము తుప్పు పడుతుంది, ఇత్తడి చిలుమెక్కుతుంది, మట్టికుండ చెమరుస్తుంది. కాల్చి గాజుపూత పూసిన జాడీ దేన్నీ పీల్చదు, దేన్నీ వదలదు. మూడోనాడు అమ్మమ్మ స్నానం చేసి, పొడి చేత్తో ఆవకాయ తిరగకలిపేది. కలిపాక ముక్కలు అడుక్కు దిగి నూనె పైకి తేలాలి. వేలెడు నూనె నిలవకపోతే ఇంకాస్త పోయాల్సిందే. ఆ వేలెడు నూనే అసలు మూత. గాలి దాన్ని దాటి ముక్కదాకా రాలేదు. దాని మీద జాడీ మూత, మూత మీద ఉతికి ఆరేసిన పాత పంచె ముక్క, మెడ చుట్టూ తాడుతో వాసెన. ఆ గుడ్డ దుమ్మూ ఈగా రాకుండా కాస్తుంది, లోపల ఊరేటప్పుడు పుట్టిన గాలిని మాత్రం పోనిస్తుంది. మూడు కాపలాలు దాటి ఏ సూక్ష్మజీవి వస్తుంది? ఒక్క దారే ఉంది, నా తడి చెయ్యి. అందుకే జాడీ దగ్గరికి వెళితే ఇల్లంతా ఒకేసారి కేకలేసేది.

వేసవిలో పది రోజుల్లో రాలిపోయే కాయ మళ్లీ వేసవి దాకా కంచంలోకి వస్తూనే ఉండేది. ఫ్రిజ్ లేదు, కరెంటు లేదు.

రాయలసీమలో, తెలంగాణలో జొన్నల పాతర చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. భూమిలో గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు నింపి, పైన మళ్లీ గడ్డి, ఆపైన మట్టితో మూసి అలికేసేవారు. పాతర తీసిన వెంటనే లోపలికి దిగొద్దని పెద్దలు కట్టడి చేసేవారు. దిగితే ప్రాణం పోతుంది. అందులో గాలి ఉండదు, గింజలూ పురుగులూ కలిసి ఉన్న గాలినంతా వాడేసుకుని ఉంటాయి. మనిషిని చంపేది ఏదో పురుగునూ అదే చంపుతుంది.

ఇదే సూత్రం 1980ల చివర్లో ఆఫ్రికాలోని కామెరూన్‌లో మరో రూపం ఎత్తింది. అక్కడి అలసందలకు పప్పుపురుగు పడితే నెలల్లో గింజలన్నీ కంతలే. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన లారీ మర్డాక్, కామెరూన్ శాస్త్రవేత్తలు కలిసి మూడు పొరల సంచి తయారుచేశారు. లోపల రెండు పాలిథిన్ సంచులు, బయట గట్టి నేత సంచి, అంతే. గింజలు పోసి ఒక్కో పొరా విడివిడిగా మూతి మెలేసి బిగిస్తే చాలు, మందు చల్లనక్కర్లేదు. లోపలి పురుగు ఊపిరి తీస్తూ తీస్తూ ఆక్సిజన్‌ను తగ్గించేసుకుంటుంది. తర్వాత జరిగేది వింటే నాకు ఒళ్లు జలదరించింది. ఎండు గింజలో బతికే పురుగుకు తాగడానికి నీళ్లుండవు. తిన్న పిండిని ఆక్సిజన్‌తో కరిగించి, ఆ కరగడంలో పుట్టే నీటితోనే అది బతుకుతుంది. ఆక్సిజన్ తగ్గితే నీళ్లు పుట్టవు. తిండి కొండలా చుట్టూ ఉండగా పురుగు దాహంతో చస్తుంది. గింజ మాత్రం గింజలాగే ఉంటుంది. పాతర తవ్విన మన రైతుకు ఈ రసాయనం తెలియదు, ఫలితం తెలుసు. సంచి కుట్టినవాళ్లు ఆ ఫలితానికి కారణం వెతికిపెట్టారు.

కారణం తెలియకుండా ఫలితం సాధించినవాళ్లలో మిఠాయిలు చేసే నికొలా అపెర్ ఒకడు. ఫ్రాన్స్‌లో 1795 ప్రాంతంలో మొదలుపెట్టి ఏళ్ల తరబడి గాజు సీసాల్లో మాంసం, బఠానీలు, పాలు పోసి, బిరడా బిగించి, మరిగే నీళ్లలో పెట్టి చూశాడు. నెలల తర్వాత తీసినా చెడలేదు. 1810లో ఆ పద్ధతిని పుస్తకంగా అచ్చువేసి, ప్రభుత్వం నుంచి 12,000 ఫ్రాంకుల బహుమతి అందుకున్నాడు. చెడగొట్టేది కంటికి కనపడని జీవులని పాశ్చర్ చెప్పడానికి ఇంకా యాభై ఏళ్లు పట్టింది. అదే 1810లో లండన్‌లో పీటర్ డ్యూరాండ్ రేకు డబ్బాకు పేటెంటు తీసుకున్నాడు. డబ్బా తెరిచే పరికరం మాత్రం మరో నలభై ఏళ్లు దాటాక గానీ రాలేదు. అన్నాళ్లూ ఉలీ సుత్తీ పెట్టి పగలగొట్టుకుని తిన్నారు. దాచడంలో ఉన్న తొందర తీయడంలో లేదు మరి, బ్యాంకు లాకరులాగే.

పాల ప్యాకెట్ దగ్గరికి వస్తే, స్వీడన్‌లో రూబెన్ రౌసింగ్ 1951లో పెట్టిన టెట్రాపాక్ పేరు మనకు అరటిపండంత పరిచయం. కాగితం, పాలిథిన్, జుట్టు కన్నా పల్చటి అల్యూమినియం రేకు, పొరలు పొరలుగా. పాలను కొన్ని సెకన్లపాటు 135 డిగ్రీల పైన వేడిచేసి, చల్లార్చి, క్రిములు లేని చోట ఆ పెట్టెలో నింపి మూసేస్తారు. కాగితం నిలబెడుతుంది, పాలిథిన్ తడిని ఆపుతుంది, రేకు వెలుతురునూ గాలినీ రానివ్వదు. నాకు ఇవన్నీ ఒక బొమ్మలో కనిపిస్తాయి. వానాకాలం, వాగు పొంగి, బస్సు రాని మన్యం పల్లె. అంగన్‌వాడీ గదిలో చెక్క బల్ల మీద ఆ పాల పెట్టెలు. ఫ్రిజ్ లేదు, కరెంటు వస్తే వచ్చినట్టు. అయినా పెట్టె మూల కత్తిరించి గ్లాసులో వంపితే నెలల కిందటి పాలు తాజాగా తెల్లగా దిగుతాయి. పితికిన పాలు పూట దాటితే విరిగిపోయే దేశంలో ఇది మంత్రం కాకపోతే మరేమిటి?

గుడ్డు గురించి మాట్లాడకపోతే కోడి ఊరుకోదు. ప్రకృతి కట్టిన పొట్లాల్లో దానికి సాటి లేదు. పెంకు మీద వేల సంఖ్యలో సూక్ష్మరంధ్రాలు, వాటి మీద కంటికి కనపడని పల్చటి పూత. గాలి ఆడుతుంది, క్రిములు ఆగుతాయి. ఒక్క లోపం, కింద పడితే పగులుతుంది. 1911లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, రోజూ పగిలిన గుడ్లు వస్తున్నాయని ఒక హోటల్ యజమానికీ రైతుకూ తగువు. అది విన్న జోసెఫ్ కాయిల్ అనే పత్రికాయన కాగితంతో, గుడ్డుకొక గూడు చొప్పున ఒక పెట్టె చేశాడు. పత్రికలవాళ్లు లోకానికి చేసిన మేళ్లలో ఇంత గట్టిది మరొకటి ఉందా అని అప్పుడప్పుడూ అనుమానం వస్తుంది. ఈ రోజు బడి భోజనానికి మోపెడ్ వెనక ముప్పై గుడ్ల అట్టలు ఒకదాని మీద ఒకటి కట్టుకుని పోతున్న మనిషిని చూస్తే ఆ తగువు ఎంత పుణ్యం చేసిందో అనిపిస్తుంది. సీతాఫలానికి మాత్రం ప్రకృతి సరైన పొట్లం కట్టలేకపోయింది. పండిందా లేదా అని నొక్కి చూస్తే చాలు, చేతిలో విచ్చుకుపోతుంది. అంత తీపి లోపల పెట్టి, అంత బలహీనమైన తలుపా?

అన్ని పొట్లాలకూ ఇలా దండం పెట్టను. వేడి సాంబారును పాలిథిన్ సంచిలో పోసి దారంతో ముడేసి ఇచ్చే హోటలు ఇప్పటికీ మా వీధిలో ఉంది. అది అరగంట ప్రయాణం కోసం వందేళ్ల చెత్త. పెట్టెలో పెట్టె, అందులో మెరుపు కాగితం, అందులో నాలుగు మిఠాయిలు, వాటి కింద రిబ్బను. ఆ కట్టుబట్టలు మిఠాయిని ఒక్క రోజు కూడా ఎక్కువ బతికించవు. అది డాబు. క్రేటు, జాడీ, పాతర డాబుకు పుట్టినవి కావు, పనికి పుట్టినవి. అవి ఒక్కసారికి చచ్చేవి కూడా కావు. మా అమ్మమ్మ జాడీ ఇప్పుడు మా చెల్లెలి దగ్గర ఉంది, విమానమెక్కి అమెరికా వెళ్లింది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన తిండి 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్లలోనే. అంటే మన వంటింట్లో, ఫ్రిజ్ వెనక అరలో, మొన్నటి కూరలో. కొత్తిమీరను కడగకుండా పాత న్యూస్‌పేపరులో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టే మా ఆవిడను ఇన్నాళ్లూ చాదస్తం అని ఆటపట్టించాను. కాగితం చెమటను పీలుస్తుంది, డబ్బా గాలిని ఆపుతుంది. వారం తర్వాత తీసినా ఆకు నిగనిగలాడుతుంది. ఆ డబ్బా ముందు ఇప్పుడు నోరెత్తను.

యార్డులో పదకొండున్నరకు రద్దీ పలచబడింది. వేలం అయిపోయింది. లారీలు తార్పాలిన్లు బిగించుకుని చెన్నై వైపు, బెంగళూరు వైపు కదిలాయి. ధర బాగా పడిపోయిందని ఒక రైతు తన కాయలవైపు చూడకుండా వెళ్లిపోతున్నాడు. ధరను కాపాడే క్రేటు ఇంకా ఎవరూ చేయలేదు. ఖాళీ క్రేట్లు మళ్లీ తోటల్లోకి వెళ్లడానికి ట్రాక్టరు మీదికి ఎక్కుతున్నాయి. కడిగినవి కారుతున్నాయి, కడగనివాటికి విత్తనాలు అంటుకుని ఎండిపోయాయి.

ఒక హమాలీ ఒక క్రేటును బోర్లించి దాని మీద కూర్చున్నాడు. పక్కన మరొకటి బోర్లించాడు, అది బల్ల. తువ్వాలుతో చుట్టిన స్టీలు డబ్బా తీసి మూత తిప్పాడు.

"ఏం కూరనా?" అనడిగాను.

"టమాటా పప్పే కదనా, ఈడ ఇంకేముంటాది" అని నవ్వాడు.

సగం తిన్నాక మూత మళ్లీ బిగించాడు. సాయంత్రం ఇంకో లోడు ఉందట.